హైదరాబాద్–ఫ్రాంక్‌ఫర్ట్–షికాగో టికెట్: మైల్స్ ఏ ప్రోగ్రామ్‌లో వేయించుకోవాలి?

ఎంవీపీ_సెక్టార్6
అందరికీ నమస్కారం. మా అమ్మాయి షికాగోలో ఉంటుంది, మే నెలలో డెలివరీ. నేనూ మా ఆవిడా ఏప్రిల్ చివర్లో బయల్దేరి అక్టోబర్‌లో తిరిగి వస్తాం. వైజాగ్ నుంచి హైదరాబాద్‌కు ఇండిగో విడిగా తీసుకున్నాం. అక్కడి నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ వరకు లుఫ్తాన్సా, ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి షికాగో యునైటెడ్, రెండూ ఒకే టికెట్ మీద ఉన్నాయి. లుఫ్తాన్సా సైట్‌లో మా వివరాలు చూస్తుంటే ఫ్రీక్వెంట్ ఫ్లయర్ నంబర్ అని ఒక గడి కనిపించింది, దాని పక్కన బాణం నొక్కితే బోలెడు ప్రోగ్రామ్‌ల పేర్లు వచ్చాయి. ఇంతకు ముందు రెండుసార్లు అమెరికా వెళ్లినప్పుడు ఆ గడి ఖాళీగా వదిలేశాం. ఈసారి వదలొద్దని అమ్మాయి గట్టిగా చెప్పింది. మేం రెండేళ్లకు ఒకసారి వెళ్తాం, అంతకు మించి ప్రయాణాలు లేవు. ఎయిర్ ఇండియా మహారాజా క్లబ్ అని ఒకరు, సింగపూర్ వాళ్ల క్రిస్‌ఫ్లయర్ అని ఒకరు, యునైటెడ్ అని ఇంకొకరు చెబుతున్నారు. లుఫ్తాన్సా ఎక్కితే లుఫ్తాన్సాలోనే వేయించుకోవాలి కదా అని నా అనుమానం. తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

రుషికొండ_ఫ్లయర్
సార్, ముందు మీ అనుమానం తీరుస్తాను. లుఫ్తాన్సా, యునైటెడ్, సింగపూర్, ఎయిర్ ఇండియా, టర్కిష్, థాయ్, ఎయిర్ కెనడా అన్నీ స్టార్ అలయన్స్ అనే ఎయిర్‌లైన్‌ల కూటమిలో ఉన్నాయి. వీటిలో ఏ విమానం ఎక్కినా వచ్చే మైల్స్‌ను, అంటే తర్వాత టికెట్‌కు వాడుకునే పాయింట్లను, వీటిలో ఏ ప్రోగ్రామ్‌లోనైనా వేయించుకోవచ్చు. కాకపోతే ఒక ప్రయాణం ఒక్క ప్రోగ్రామ్‌లోనే పడుతుంది, రెండు చోట్ల పడదు, పడ్డాక మార్చడం కుదరదు. అందుకే ముందే ఆలోచించుకోవాలి.

చాలామంది చేసే పొరపాటు ఏంటంటే, ఎంత దూరం వెళ్తే అన్ని మైల్స్ వస్తాయనుకుంటారు. ప్రతి టికెట్‌కూ బుకింగ్ క్లాస్ అని ఒక ఇంగ్లీష్ అక్షరం ఉంటుంది. ఎకానమీలోనే పది పన్నెండు అక్షరాలు ఉంటాయి, వై అంటే పూర్తి ధర టికెట్, మనం కొనే చౌక టికెట్లు వేరే అక్షరాల్లో ఉంటాయి. ప్రతి ప్రోగ్రామ్‌కూ ఒక పట్టిక ఉంటుంది, ఫలానా ఎయిర్‌లైన్‌లో ఫలానా అక్షరానికి ఇంత శాతం అని. ఒకే టికెట్‌కు ఒక ప్రోగ్రామ్‌లో సగం రావచ్చు, ఇంకోదాంట్లో పావు వంతు, మరోదాంట్లో సున్నా.

మీ లెక్కే చూద్దాం. హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ దాదాపు 4,400 మైళ్లు, అక్కడి నుంచి షికాగో 4,300 పైచిలుకు. రానూపోనూ కలిపితే 17,500 దగ్గర తేలుతుంది. పట్టికలో 100 శాతం ఉంటే మనిషికి 17,500, సగం ఉంటే 8,750, పావు వంతు ఉంటే 4,400కు కాస్త తక్కువ. ఇద్దరికి కలిపి చూస్తే తేడా చిన్నదేం కాదు.

వేర్ టు క్రెడిట్ అనే సైట్ ఉంది. అందులో ఎయిర్‌లైన్, బుకింగ్ క్లాస్ ఇస్తే ఏ ప్రోగ్రామ్‌లో ఎంత శాతమో వరుసగా చూపిస్తుంది. అది చూసుకుని, చివరగా ఆ ప్రోగ్రామ్ సొంత సైట్‌లో పట్టిక కూడా చూడండి, ఎందుకంటే పట్టికలు మారుతుంటాయి. ముందు మీ టికెట్ మీద అక్షరం ఏంటో చెప్పండి.

ఎంవీపీ_సెక్టార్6
చాలా థాంక్స్ అండి. టికెట్ అంతా వెతికాను, ఎకానమీ అని మాత్రమే కనిపిస్తోంది. అక్షరం ఎక్కడ ఉంటుంది?

ద్వారకానగర్_టికెటింగ్
నేను ఇదే పనిలో ఉన్నాను సార్, పదిహేనేళ్లుగా. ఇ-టికెట్ పీడీఎఫ్‌లో ఫ్లైట్ నంబర్ ఉన్న వరుసలో క్లాస్ అనే చోట చూడండి, ఎకానమీ అని రాసి పక్కన బ్రాకెట్‌లో ఒక్క అక్షరం ఉంటుంది. ఆన్‌లైన్ ట్రావెల్ సైట్‌లో కొన్నవాళ్లకు ఒక్కోసారి అది కనిపించదు, అలాంటప్పుడు ఎయిర్‌లైన్ సైట్‌లో పీఎన్ఆర్ కొట్టి చూడాలి. ఏజెంట్ దగ్గర కొన్నవాళ్లు అడిగితే నిమిషంలో చెబుతారు, అడగడానికి మొహమాటపడొద్దు.

ఇంకొకటి కూడా చూడండి. టికెట్ నంబర్ 13 అంకెలు ఉంటుంది, అందులో మొదటి మూడు అంకెలు టికెట్ ఇచ్చిన ఎయిర్‌లైన్‌వి. లుఫ్తాన్సా అయితే 220, యునైటెడ్ 016, ఎయిర్ ఇండియా 098, సింగపూర్ 618. ఇది ఎందుకు చెబుతున్నానంటే, యునైటెడ్ ప్రోగ్రామ్‌లో 016 టికెట్లకు మీరు కట్టిన ధరను బట్టి మైల్స్ ఇస్తారు, వేరే ఎయిర్‌లైన్ ఇచ్చిన టికెట్‌కు దూరం, అక్షరం చూసి ఇస్తారు. అదే విమానం, అదే సీటు, అయినా లెక్క మారిపోతుంది.

విమానం ఎవరు నడుపుతున్నారో కూడా చూడండి. ఫ్లైట్ నంబర్ ఒకరిది ఉండి, కింద చిన్న అక్షరాల్లో ఆపరేటెడ్ బై అని ఇంకొకరి పేరు ఉండొచ్చు. మీ వైజాగ్–హైదరాబాద్ ఇండిగో ముక్కకు స్టార్ అలయన్స్‌లో ఏమీ రాదు, ఇండిగో ఏ అలయన్స్‌లోనూ లేదు. ఎయిర్ ఇండియాలో వెళ్లి ఉంటే దాన్నీ కలుపుకోవచ్చు, కానీ అంత చిన్న దూరానికి వచ్చేది కొంచెమే, దాని కోసం ఎక్కువ డబ్బు పెట్టనక్కర్లేదు.

గాజువాక_నాన్న
మా అబ్బాయి మెల్‌బోర్న్‌లో చదువుతున్నాడు, ఏడాదికి రెండుసార్లు వెళ్లొస్తుంటాం. మేం క్రిస్‌ఫ్లయర్‌తోనే ఉన్నాం, చాలా సంతృప్తిగా ఉంది. వైజాగ్ నుంచి సింగపూర్‌కు స్కూట్ ఉంది, 1,800 మైళ్లు, అక్కడి నుంచి సింగపూర్ ఎయిర్‌లైన్స్. హైదరాబాద్ వెళ్లి ఎక్కే బాధ తప్పింది. స్కూట్ సింగపూర్ వాళ్లదే అయినా స్టార్ అలయన్స్‌లో సభ్యురాలు కాదు, కాబట్టి ఆ ముక్కకు యునైటెడ్ నంబరో ఎయిర్ కెనడా నంబరో ఇస్తే లాభం లేదు, క్రిస్‌ఫ్లయర్ ఇస్తేనే ఏదైనా వస్తుంది. సింగపూర్ ఎయిర్‌లైన్స్ సొంత విమానాలకు మైల్స్‌తో టికెట్ తీసుకుంటే ఫ్యూయల్ సర్‌ఛార్జ్ (ఇంధనం పేరుతో అదనపు రుసుము) వేయరు, ఎయిర్‌పోర్ట్ పన్నులు మాత్రం కట్టాలి. మన ఊరి నుంచి తూర్పు వైపు వెళ్లేవాళ్లకు ఇంతకంటే మంచిది నాకు కనిపించలేదు. సార్ కూడా ఇందులోనే చేరితే బాగుంటుందని నా అభిప్రాయం.

ఓడ_మనిషి
గాజువాక గారూ, మీకు అది సరిపోయింది, ఎందుకంటే మీరు ఏడాదికి రెండుసార్లు ఆ దారిలోనే వెళ్తున్నారు. సార్ రెండేళ్లకు ఒకసారి వెళ్లే మనిషి. క్రిస్‌ఫ్లయర్ మైల్స్‌కు మూడేళ్ల గడువు ఉంది, మధ్యలో ఎన్ని ప్రయాణాలు చేసినా పాత మైల్స్ గడువు పెరగదు. ఒక ట్రిప్‌లో నాలుగో ఎనిమిదో వేలు వస్తే, రెండో ట్రిప్ మైల్స్ కలిసి ఉపయోగపడే స్థాయికి వచ్చేలోగా మొదటివి పోతాయి.

నా అనుభవం చెబుతాను. నేను మర్చంట్ నేవీలో ఇంజనీర్‌ని. కంపెనీ టికెట్ వేస్తుంది, ఒకసారి సింగపూర్‌లో ఓడ ఎక్కమంటారు, ఒకసారి రోటర్‌డామ్, ఒకసారి హ్యూస్టన్. ఏ ఎయిర్‌లైన్ వస్తే దాని ప్రోగ్రామ్‌లోనే చేరిపోయేవాణ్ని. అలా ఆరు ప్రోగ్రామ్‌లలో అకౌంట్లు అయ్యాయి, ఒక్కోదాంట్లో పది వేలు, పన్నెండు వేలు, ఒక్కదాంట్లో మాత్రం ఎక్కువ. ఒకసారి తొమ్మిది నెలలు ఓడలో ఉండి దిగాక, మాల్టాలో హోటల్ గదిలో కూర్చుని మెయిల్ తెరిస్తే ఒక ప్రోగ్రామ్ నుంచి రెండు ఉత్తరాలు వరసగా ఉన్నాయి. మొదటిది, మీ మైల్స్ త్వరలో ముగుస్తాయి అని, రెండోది ముగిశాయి అని. 38 వేలు పోయాయి. నడి సముద్రంలో ఉన్నవాడికి ఆ మొదటి ఉత్తరం ఎలా అందుతుంది. ఆ రోజు చాలా బాధపడ్డాను, ఎందుకంటే అవి ఇంట్లోవాళ్లను సింగపూర్ తీసుకెళ్దామని దాచుకున్నవి.

అప్పటి నుంచి ఒక్కో అలయన్స్‌కు ఒక్కటే పెట్టుకున్నాను. స్టార్‌కు యునైటెడ్ మైలేజ్‌ప్లస్, దాని మైల్స్‌కు గడువు లేదు, 2019లో తీసేశారు. వన్‌వరల్డ్‌కు ఖతార్ ప్రివిలేజ్ క్లబ్, 2022 నుంచి వాళ్ల పాయింట్లు ఏవియోస్ అయ్యాయి, బ్రిటిష్ ఎయిర్‌వేస్ అకౌంట్‌తో అటూ ఇటూ మార్చుకోవచ్చు, 36 నెలల్లో ఒక్కసారైనా కదలిక, అంటే పాయింట్లు రావడమో వాడడమో, ఉంటే చాలు. స్కైటీమ్‌కు డెల్టా, అక్కడా గడువు లేదు. ఎమిరేట్స్ ఏ అలయన్స్‌లోనూ లేదు కాబట్టి స్కైవార్డ్స్ విడిగా ఉంచాను. సీమెన్ ఫేర్ టికెట్లకు, అంటే ఓడ సిబ్బందికి ఇచ్చే టికెట్లకు, మైల్స్ అసలు వస్తాయా అని మా కుర్రాళ్లు అడుగుతుంటారు. దానికీ జవాబు ఆ అక్షరంలోనే ఉంది, ఫేర్ పేరులో కాదు.

లాసన్స్‌బే_07
అందరూ ఇంత కష్టపడుతున్నారు గానీ, నా మాట వినండి. చౌక టికెట్‌కు వచ్చే మైల్స్ విలువ ఎంతని? టికెట్‌లో ఐదు వేలు తక్కువ ఎక్కడ దొరికితే అది కొనుక్కోండి, ఈ లెక్కలన్నీ తిరిగి తిరిగి విమానాల్లోనే బతికేవాళ్లకు. జెట్ ఎయిర్‌వేస్ 2019లో ఆగిపోయింది, కింగ్‌ఫిషర్ 2012లో. ఎయిర్‌లైనే ఉంటుందో లేదో తెలియదు, పాయింట్లు నమ్ముకుని ఏం లాభం.

రుషికొండ_ఫ్లయర్
మైల్స్ కోసం ఎక్కువ ధర పెట్టి టికెట్ కొనొద్దు అన్నంత వరకు మీతో నేనూ ఏకీభవిస్తాను. కానీ సార్ టికెట్ ఇప్పటికే కొన్నారు. నంబర్ ఇవ్వడానికి పైసా ఖర్చు లేదు, ఇవ్వకపోతే వచ్చేది పోతుంది. ఎయిర్‌లైన్ మూతపడుతుందన్న భయం ఉంటే అదే ఎక్కువ రోజులు దాచకుండా వాడుకోవడానికి కారణం అవుతుంది, అసలు తీసుకోకపోవడానికి కాదు. అలయన్స్‌లు కూడా మారుతుంటాయి, స్కాండినేవియా ఎయిర్‌లైన్ ఎస్ఏఎస్ 2024 సెప్టెంబర్ 1న స్టార్ వదిలి స్కైటీమ్‌లో చేరింది. విస్తారా 2024 నవంబర్‌లో ఎయిర్ ఇండియాలో కలిసిపోయింది, అక్కడి పాయింట్లు మహారాజా క్లబ్‌లోకి వెళ్లాయి. కాబట్టి కూడబెట్టడం కంటే ఖర్చు పెట్టే దారి ముందు చూసుకోవాలి.

సార్, అందుకే మిమ్మల్ని ఒక ప్రశ్న అడగాలి, అది అడగకుండానే అందరం సలహాలు ఇచ్చేస్తున్నాం. ఈ మైల్స్‌తో మీరు ఏం చేద్దామనుకుంటున్నారు? మీరిద్దరూ మళ్లీ అమెరికా వెళ్లడానికా, లేక అమ్మాయి అక్కడ వాడుకోవడానికా?

ఎంవీపీ_సెక్టార్6
టికెట్ దొరికింది అండి. నంబర్ 220తో మొదలవుతోంది. వెళ్లేటప్పుడు ఎల్, వచ్చేటప్పుడు కె. మీ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే, మాకు మళ్లీ అమెరికా టికెట్ వచ్చేన్ని మైల్స్ ఎప్పటికీ కావు, అది అర్థమైంది. అమ్మాయి, అల్లుడు అక్కడ సెలవులకు ఎక్కడికైనా వెళ్తే పనికొస్తే చాలు. పుట్టబోయే బిడ్డను మేం చూసేది రెండేళ్లకోసారి, వాళ్లు మధ్యలో ఎప్పుడైనా రాగలిగితే ఇంకా మంచిది.

రుషికొండ_ఫ్లయర్
అయితే సగం తేలిపోయింది. అమ్మాయి షికాగోలో ఉంటే యునైటెడ్ సులభం, అక్కడ వాళ్ల పెద్ద స్థావరాల్లో షికాగో ఒకటి, ఎక్కడికైనా నేరుగా విమానాలు ఉంటాయి. మీ అకౌంట్‌లో మైల్స్‌తో అమ్మాయి పేరు మీద టికెట్ తీసుకోవచ్చు, బంధువు అని నిరూపించాల్సిన పని లేదు. 2024 నుంచి ఐదుగురు వరకు మైల్స్ ఒకచోట కలుపుకునే పూలింగ్ కూడా పెట్టారు. మీ ఇద్దరివీ, అమ్మాయివీ కలిపితే చిన్న టికెట్ ఒకటి అయినా తొందరగా తేలుతుంది. ఒక్క జాగ్రత్త, పూల్‌లో వేసిన మైల్స్ యునైటెడ్ సొంత విమానాలకే వాడాలి, లుఫ్తాన్సాకో ఎయిర్ ఇండియాకో వాడలేరు. కాబట్టి ఇప్పుడే అన్నీ పూల్‌లో పోయకండి, టికెట్ తీసుకునే రోజు వేసుకోండి.

ఎయిర్ కెనడా ఏరోప్లాన్ కూడా మంచిదే, కుటుంబంలో ఎనిమిది మంది వరకు కలుపుకోవచ్చు, పార్ట్‌నర్ (వేరే ఎయిర్‌లైన్) టికెట్లకు సర్‌ఛార్జ్ వేయరు, 39 కెనడా డాలర్ల బుకింగ్ ఫీజు మాత్రం ఉంది. కానీ 18 నెలలు ఏ కదలికా లేకపోతే పాయింట్లు పోతాయి, రెండేళ్లకోసారి వెళ్లే మీకు అదే ప్రమాదం. లుఫ్తాన్సా సొంత ప్రోగ్రామ్ మైల్స్ అండ్ మోర్‌లో మీ టికెట్‌కు మైల్స్ ఎక్కువ కనిపించినా, తర్వాత లుఫ్తాన్సా టికెట్ మైల్స్‌తో తీసుకునేటప్పుడు సర్‌ఛార్జ్ గట్టిగా కట్టాలి, గడువు 36 నెలలు. వచ్చేటప్పుడు ఎన్ని వస్తున్నాయో చూసి మురిసిపోయి, ఖర్చు పెట్టేటప్పుడు ఎంత కట్టాలో చూడకపోవడం వల్లే చాలామంది నష్టపోతున్నారు.

స్టేటస్ (ఎక్కువ తిరిగేవాళ్లకు ఇచ్చే గోల్డ్ లాంటి హోదా) గురించి మీరు అడగలేదు, మీకు అవసరమూ లేదు. నాలాగా ఏడాదికి ఐదారుసార్లు వెళ్లేవాళ్ల కోసం ఒక్క మాట: యునైటెడ్‌లో గోల్డ్ వచ్చినా అమెరికా లోపలి ప్రయాణాల్లో యునైటెడ్ క్లబ్ లాంజ్‌లోకి రానివ్వరు, అదే స్టార్ గోల్డ్ వేరే దేశపు ప్రోగ్రామ్ నుంచి తెచ్చుకుంటే రానిస్తారు. అందుకే నేను నా మైల్స్ టర్కిష్‌లో వేయించుకుంటాను.

సీతమ్మధార_అమ్మ
ప్రోగ్రామ్ ఏదైనా తీసుకోండి కానీ పేరు దగ్గర జాగ్రత్త అండి. మన పేర్ల సంగతి తెలిసిందే కదా. నా పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ గడి ఖాళీ, ఇంటిపేరుతో సహా పేరంతా గివెన్ నేమ్‌లోనే ఉంది. అమెరికా వీసాలో ఎఫ్ఎన్‌యూ (మొదటి పేరు తెలియదు) అని వేశారు. టికెట్‌లో ఏజెంటేమో నా పేరునే రెండుసార్లు రాశాడు. నేను ప్రోగ్రామ్‌లో చేరేటప్పుడు ఇంటిపేరు చివర్లో, పేరు ముందు, మనవడు చెప్పినట్టు టైప్ చేశాను. మూడు చోట్లా మూడు రకాలు! మైల్స్ రాలేదు. క్లెయిమ్ పెడితే పేరు సరిపోలడం లేదని రెండుసార్లు తిప్పి పంపారు, పాస్‌పోర్ట్ కాపీ పంపి పేరు మార్పించుకున్నాక మూడోసారి ఇచ్చారు. దానికి నాలుగు నెలలు పట్టింది. టికెట్ మీద పేరు ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే అకౌంట్ తెరవండి. మీ ఆవిడగారి పేరు ముఖ్యంగా చూడండి, పెళ్లయ్యాక ఇంటిపేరు మారినవాళ్లకు ఈ తిప్పలు ఎక్కువ.

ఓడ_మనిషి
అమ్మగారు చెప్పింది బంగారం లాంటి మాట. దానికి నాదొకటి కలుపుతాను. బోర్డింగ్ పాస్‌లు పారేయకండి. కానీ దాచుకుంటే చాలదు, అవి థర్మల్ కాగితం మీద ప్రింట్ చేస్తారు, మన వైజాగ్ ఉక్కకు ఆర్నెల్లలో అక్షరాలు వెలిసిపోతాయి. నా సొరుగులో ఒకటి ఉంది, సీటు నంబర్ తప్ప ఏమీ కనిపించదు. పాస్ చేతికి రాగానే ఫోన్‌లో ఫోటో తీసేయండి. తీసేటప్పుడే దాని మీద మీ ప్రోగ్రామ్ నంబర్ ప్రింట్ అయిందో లేదో కూడా చూడండి. లేకపోతే గేట్ దగ్గర చెప్పినా వేస్తారు. రాని మైల్స్‌కు క్లెయిమ్ పెట్టడానికి కొన్ని ప్రోగ్రామ్‌లు ఆరు నెలలే ఇస్తాయి, కొన్ని ఏడాది. మీరు ఆరు నెలలు అక్కడే ఉంటారు కాబట్టి వెళ్లిన ప్రయాణం సంగతి వచ్చాక చూద్దాం అనుకోకండి, అక్కడ ఉండగానే చూసుకోండి.

ఎంవీపీ_సెక్టార్6
ఇంత ఓపికగా చెప్పినందుకు అందరికీ రుణపడి ఉంటాను. నిన్న రాత్రి అమ్మాయితో వీడియో కాల్‌లో కూర్చుని ఇద్దరికీ యునైటెడ్ అకౌంట్లు తెరిచాం. పట్టికలో ఎల్, కె రెండింటికీ పూర్తి శాతం లేదు, కానీ సున్నా కాదు. మా ఆవిడ పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు పుట్టింటిదే ఉంది, టికెట్‌లోనూ అదే ఉంది, అకౌంట్ మాత్రం నా ఇంటిపేరుతో తెరవబోయాం. సీతమ్మధార అమ్మగారి మాట గుర్తొచ్చి ఆపి సరిచేశాం. లుఫ్తాన్సా సైట్‌లో పీఎన్ఆర్ కొట్టి రెండు నంబర్లూ చేర్చాను.

ఎంవీపీ_సెక్టార్6
షికాగో నుంచి రాస్తున్నాను. మనవరాలు పుట్టింది, తల్లీబిడ్డా క్షేమం. ఇక్కడికి వచ్చిన వారం పది రోజులకు చూస్తే నా అకౌంట్‌లో రెండు విమానాల మైల్స్ పడ్డాయి. మా ఆవిడకు ఫ్రాంక్‌ఫర్ట్–షికాగో పడింది, హైదరాబాద్–ఫ్రాంక్‌ఫర్ట్ పడలేదు. ఫోటో తెరిచి చూస్తే ఆమె లుఫ్తాన్సా బోర్డింగ్ పాస్ మీద నంబర్ ఉండాల్సిన చోట ఖాళీగా ఉంది, హైదరాబాద్ కౌంటర్‌లో సీట్లు పక్కపక్కన మార్చినప్పుడు పోయిందేమో. నేను ఫోటో తీశాను గానీ అది మాత్రం చూడలేదు. టికెట్ నంబర్, ఫోటో పెట్టి యునైటెడ్ సైట్‌లో క్లెయిమ్ వేశాం. నిన్న సాయంత్రం ఆ మైల్స్ కూడా పడ్డాయి.